జాబితాలో లేని బడి

సమావేశ భవనం, అతిథుల అంతస్తు

వదినా,

క్షేమంగా చేరాను. విమానంలో నాకు కిటికీ పక్క సీటు దొరికిందని అన్నయ్యకి చెప్పు. పక్కాయన దారి పొడుగునా నా భుజాన్ని తలగడ చేసుకుని నిద్రపోయాడని మాత్రం చెప్పకు, ఇంత దూరం వచ్చి ఆయన్ని వెతుకుతాడు.

ఫోన్ చెయ్యలేదని కోప్పడకు. ఇక్కడ ఫోన్ తీస్తే చాలు, పక్కన ఎవరో ఒకరు చెవులు రిక్కించుకుని నిలబడతారు. నీతో మాట్లాడేటప్పుడైనా నేను నేనుగా మాట్లాడాలి కదా. అందుకే ఉత్తరం.

ఇక పని సంగతి. ఆరు దేశాల విద్యాశాఖలు కలిసి ఒకే విధానం రాయాలి. వాతావరణం ఎలా మారుతోందో పిల్లలకి ఏ తరగతిలో, ఎంతవరకు, ఎలా చెప్పాలన్నది. ఒకరి పొగ ఇంకొకరి సముద్రాన్ని పొంగిస్తోంది కాబట్టి పాఠం కూడా కలిసే రాసుకుందామని వీళ్ళ ఒప్పందం. మన తరఫున మా డైరెక్టరుగారూ నేనూ. గుడ్డు ఆకారంలో పెద్ద బల్ల, దేశానికో చిన్న జెండా, మాట్లాడితే ఎర్రగా వెలిగే మైకు. మొదటిరోజంతా ‘అవగాహన’ అనాలా ‘చైతన్యం’ అనాలా అన్నదానితోనే సరిపోయింది.

సాయంత్రం ద్వీపాల దేశం నుంచి వచ్చిన పెద్దావిడ మైకు నొక్కింది. ఆవిడ ఒకప్పుడు చిన్నపిల్లల బడిలో టీచరట. “ఇక్కడున్న వాళ్ళలో ఈ ఏడాది తరగతి గదిలో నిలబడింది ఎవరు?” అని అడిగింది. అందరూ తలలు దించుకుని కాగితాలు తిరగేశారు. నా నోరు ఊరుకుంటుందా? “మా వదిన రోజూ నిలబడుతుందండీ” అనేశాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “అయితే మనం రాయడం ఆపి ఆమెని అడుగుదాం” అంది.

అందుకే అడుగుతున్నాను. మీ బడి గోడకి సముద్రం తగలడం ఒక్కటే తక్కువ. ఎనిమిదో తరగతికి ఒక నమూనా పాఠం రాసి పంపు. దాన్ని ఈ బల్ల మీద పెట్టి ఆరు దేశాల చేతా చదివించే పూచీ నాది.

నీ
వసపిట్ట


ఇల్లు, వంటగది

వసపిట్టా,

ఆరు దేశాల ముందు నన్ను నిలబెట్టేశావా! తల అయినా దువ్వుకోనిచ్చావు కాదు.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ అన్నయ్య షెడ్డులో పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చేతులకి గ్రీజని నా చేత చదివించుకున్నాడు. ఆ పక్కసీటాయన సంగతి కూడా చదివేశాను, నువ్వు మొదట్లోనే రాస్తే నేనేం చెయ్యను! “ఎవడు వాడు?” అని స్పానర్ పట్టుకుని లేచాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పడవవాడికీ “మా చెల్లెలు ఆరు దేశాలకి పాఠాలు రాస్తోంది, తెలుసా” అని ఒకటే చెప్పడం. ఒకాయన పాపం ఇంజను సంగతి మర్చిపోయి వెళ్ళిపోయాడు.

పాఠం అంటే కాగితం ముందేసుకుని కూర్చుంటే రాలేదు. ఎనిమిదో తరగతికి వెళ్ళి, పుస్తకాలు మూయించి, “మీకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి మన ఊళ్ళో ఏం మారింది?” అని అడిగాను. చేతులే చేతులు. ఆడుకునే ఇసుక నేల పోయిందన్నారు, బోరు నీళ్ళు ఉప్పగా వస్తున్నాయన్నారు, చేపల కోసం నాన్నలు దూరం పోతున్నారన్నారు. ఆ క్లాసులో ఒక పిల్ల ఉంది, అందరూ ప్రశ్నలక్క అంటారు. సముద్రం వైపు ఆఖరి ఇల్లు వాళ్ళది. “ఎందుకు టీచర్?” అంది. భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది, సముద్రం పెరుగుతోంది అని చెప్పాను. “మరి రేవుకి అటుపక్క ఇసుక మేట వేస్తోంది కదా. వాళ్ళది వేరే సముద్రమా?” అంది. రేపు చెప్తానన్నాను.

ఆ రేపు రావడానికి వారం పట్టింది. లైబ్రరీలో వెతికాను, రేవు కట్టిన ఇంజనీరొకాయన రిటైరై మన వీధి చివరే ఉంటే వెళ్ళి అడిగాను. రెండు కారణాలూ నిజమే. లోకమంతా బొగ్గూ చమురూ కాల్చడం వల్ల సముద్రం ఎత్తు పెరుగుతోంది. దానికి తోడు, రేవు కోసం నీళ్ళలోకి కట్టిన రాతిగోడ ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుకని అటుపక్కే ఆపేస్తోంది. అందుకని మన పక్క ఒడ్డు కోసుకుపోతోంది.

కాబట్టి పాఠం మూడు ముక్కలుగా రాశాను. ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, ఎవరు ఏం చెయ్యాలి. మధ్య ముక్క జాగ్రత్త. పాఠానికి ప్రాణం అందులోనే ఉంది. దాన్ని ఎవరైనా పీకేస్తే మిగిలేది గోడ మీద రాసుకునే నీతివాక్యాలే.

భోజనం మానేసి మీటింగుల్లో కూర్చోకు.

మీ వదిన


సమావేశ భవనం, రెండో విడత చర్చలు

వదినా! వదినా!

నీ పాఠం బల్ల మీద పడింది. ద్వీపాల పెద్దావిడ చదివి, “ఈ ప్రశ్న అడిగిన పిల్ల మా దేశంలోనూ ఉంది” అంది. మంచు దేశం వాళ్ళు అనువదించుకుని మరీ తీసుకెళ్ళారు. మా డైరెక్టరుగారు నా వైపు తిరిగి మొదటిసారి నవ్వారు. ఆయనకి పళ్ళున్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

అడ్డుపడింది ఒక్కడే, బొగ్గు దేశం ఆయన. ఎండలో కూడా కోటు విప్పడు. “ఎందుకు జరుగుతోంది” భాగం చుట్టూ బ్రాకెట్లు పెట్టించాడు. ఇక్కడ అదో పద్ధతి. ఎవరికైనా ఒక మాట మింగుడు పడకపోతే దాని చుట్టూ బ్రాకెట్లు పెడతారు. చివరి రోజుకల్లా ఆ బ్రాకెట్లైనా పోవాలి, లోపలి మాటైనా పోవాలి. “ఇది చెప్తే పిల్లలు బెదిరిపోతారు, చదువులు పక్కన పడేసి గొడవలకి దిగుతారు” అంటాడాయన.

ఆయన నోరు మూయించాలంటే ఒకటే దారి. ఒక బడిలో ఈ పాఠం నిజంగా చెప్పి, పిల్లలు ఎలా ఉన్నారో చూపించడం. నువ్వు చెప్పు వదినా. మూడు ముక్కలూ చెప్పు. పిల్లలు బయటికెళ్ళి అడిగి తెలుసుకునే అభ్యాసం కూడా చేయించు. ప్రయోగం చేసే బడుల జాబితా నేనే తయారుచేస్తున్నాను, అందులో మొదటి పేరు మీ బడిదే. ఉత్తర్వు వెనకాలే వస్తుంది, దాని కోసం ఆగకు. ఆగితే ఇక్కడ చర్చలు ముగిసిపోతాయి. మీ పెద్దమేడమ్ జంకితే నా పేరు చెప్పు. ఏదొచ్చినా నేను చూసుకుంటాను.

నీ
వసపిట్ట


బడి, స్టాఫ్ రూమ్

వసపిట్టా,

చెప్పాను. మూడు ముక్కలూ చెప్పాను. మీ కోటాయనకి చెప్పు, ఒక్క పిల్లా బెదరలేదు, ఒక్కడూ చదువు మానలేదు. అసలు నెలల తరబడి నోరు విప్పని వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి మాట్లాడారు.

అడిగి తెలుసుకునే అభ్యాసానికి, వాళ్ళ అనుమతి ముందే తీసుకుని, పిల్లల్ని రేవు ఆఫీసుకి తీసుకెళ్ళాను. మేనేజరు మర్యాదస్తుడిలాగే కనిపించాడు. పిల్లలందరికీ బిస్కెట్లు పెట్టించాడు, ఓడల ఫోటోలు చూపించాడు. అంతా అయ్యాక ప్రశ్నలక్క లేచింది.

“ఈ గోడ కట్టేటప్పుడు మా పక్క ఏమవుతుందో మీకు తెలుసా సార్?”

“అది పెద్దవాళ్ళ విషయం తల్లీ.”

“మా ఇల్లు పోతే పెద్దవాళ్ళతో పాటు నేను కూడా పోవాలి కదా సార్.”

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. బిస్కెట్ల పళ్ళెం లోపలికి వెళ్ళిపోయింది, మేం బయటికి వచ్చేశాం.

మర్నాటికల్లా ఫిర్యాదు. అనుమతి లేని పాఠాలు చెప్పి పిల్లల్ని కంపెనీ మీదికి ఎగదోశానట. విచారణకి పై నుంచి ఒక అధికారి వస్తాడట. పెద్దమేడమ్ నన్ను పిలిచి, “ఆ ఉత్తర్వేదో చూపించు తల్లీ, నా రిటైర్మెంటు దగ్గరపడింది” అంది. మా ఆడపడుచు పంపుతుంది, దారిలో ఉందన్నాను.

దారిలోనే ఉంది కదూ?

మీ వదిన


సమావేశ భవనం, వరండా

వదినా,

ఉత్తరం చిన్నదని అనుకోకు, మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. చర్చలు ముగింపుకొచ్చాయి. ఒక్కో మాట దగ్గరా తలప్రాణం తోకకొస్తోంది.

ఉత్తర్వు డైరెక్టరుగారి సంతకం దగ్గర ఆగింది. నువ్వేం కంగారుపడకు. విచారణ అంటే ఉత్త తంతు, ఎవరైనా అడిగితే నేను మాట్లాడతాను.

ఆ ప్రశ్నలక్క బొమ్మలు వేస్తుందని ఒకసారి చెప్పావు. వాళ్ళ ఇంటి బొమ్మ ఒకటి వేయించి పంపవా? ఈ పాఠాలతో ఆరు దేశాలకీ ఒకే పుస్తకం వేస్తున్నారు, దాని అట్టకి కావాలి. పెద్దావిడకి చెప్తే తెగ సంబరపడింది.

నాకు ఇక్కడ ఇంకో చిన్న బాధ్యత అప్పగించే మాట నడుస్తోంది. తేలాక చెప్తాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

వసపిట్ట


ఇల్లు

వసపిట్టా,

బొమ్మ ముందే పంపాను, అందే ఉంటుంది. ఆ పిల్ల దాని కోసం కొత్త రంగుపెన్సిళ్ళు అడిగి తెచ్చుకుంది.

విచారణ సోమవారం అయింది. పెద్దమేడమ్ గదిలో. అడిగినవాటికి జవాబులు చెప్పాను. ఏం తేల్చారో ఇంకా చెప్పలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ అధికారి నీతో మాట్లాడాడా? ఏమడిగాడు, నువ్వేం చెప్పావు? ఉన్నది ఉన్నట్టు రాయి. ఏదైనా ఫరవాలేదు, నేను అర్థం చేసుకుంటాను.

మీ అన్నయ్య కులాసా.

వదిన


విద్యాశాఖ కార్యాలయం

వదినా,

మాట్లాడాడు. నేనూ గట్టిగానే మాట్లాడాను. “ఆ బడి మా ప్రయోగంలో భాగమండీ, ఆవిడ లాంటి టీచరు దొరకడం మీ అదృష్టం” అన్నాను. ఉత్తర్వు ఆలస్యమైంది మా వల్లేనని కూడా చెప్పాను. ఆయన విన్నట్టే ఉన్నాడు. కానీ వదినా, రేవు కంపెనీ వాళ్ళ చేతులు చాలా పొడుగు. ఒకవేళ ఏదైనా అటూ ఇటూ అయితే అది నా ప్రయత్నలోపం మాత్రం కాదు.

నీ గురించే ఆలోచిస్తూ ఉంటున్నాను. భోజనం కూడా సహించడం లేదు.

నీ
వసపిట్ట


ఇల్లు, వంటగది

వసపిట్టా,

ఆ సోమవారం ఏం జరిగిందో ఇప్పుడు రాస్తాను.

గదిలో నలుగురం. పెద్దమేడమ్, అధికారి, రేవు మేనేజరు, నేను. ఈ పాఠం ఎవరు చెప్పమన్నారని అధికారి అడిగాడు. నీ పేరు, నీ హోదా చెప్పాను. ఆయన మంచివాడే. “అయితే ఇప్పుడే కనుక్కుందాం, మీకూ అనుమానం ఉండదు” అని నీకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఫోన్ బల్ల మీద పెట్టాడు.

“మీ ప్రయోగం బడుల జాబితాలో ఈ బడి ఉందా మేడమ్?”

“లేదండీ.”

“ఎప్పుడైనా ఉందా?”

“లేదండీ. మేం ఏ బడికీ అలాంటి అనుమతి ఇవ్వలేదు.”

“ఈ టీచరు మీకు తెలుసా?”

అక్కడ కాస్త ఆగావు. నీ వెనక కప్పుల చప్పుడు వినిపించింది. ఆ ఆగిన కాసేపూ నేను ఏమనుకున్నానో తెలుసా? ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను.

“దూరపు బంధువండీ. ఏదో ఉత్సాహం కొద్దీ సొంతంగా చేసి ఉంటుంది.”

మేనేజరు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. పెద్దమేడమ్ నా చెయ్యి పట్టుకుంది. నేను నోరు విప్పలేదు. “వసపిట్టా, ఇక్కడే ఉన్నాను” అని ఒక్క మాట అంటే నువ్వు మాట మార్చేదానివేమో. మార్చుకున్న మాట నాకెందుకు?

ఇంటికొచ్చి నిన్ను వెనకేసుకొచ్చాను. పక్కన డైరెక్టరు ఉన్నాడేమో, భయపడిందేమో, నోరు జారిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందుకే ఉత్తరం రాసి అడిగాను. నీకు నిజం చెప్పే వీలు ఇవ్వాలని. నువ్వేమో కాగితం తీసి, కుదురుగా కూర్చుని, మాటలు ఏరుకుని ఆ అబద్ధం రాశావు. చివర్లో భోజనం సహించడం లేదని కూడా చేర్చావు. ఇది నోరు జారడం కాదు.

నన్ను ఈ బడి నుంచి తీసేశారు. పుస్తకాల గోడౌనుకి వేశారు. ఇక నుంచి బోధన లేదు, కట్టలు దించుకోవడం, పంపించడం.

వదిన


విద్యాశాఖ కార్యాలయం

వదినా,

నీ ఉత్తరం చదివి తల ఎత్తుకోలేకపోయాను. కానీ నా వైపు కూడా విను.

ఆ సోమవారానికి ముందురోజే బేరం కుదిరింది. “ఎందుకు” భాగం తీసేస్తే బొగ్గు దేశం సంతకం పెడుతుంది, ఆరు దేశాల ఉమ్మడి కార్యాలయం మన దేశంలో పెట్టడానికి ఒప్పుకుంటుంది. లేకపోతే ఆయన లేచి వెళ్ళిపోతాడు, ఏళ్ళ తరబడి పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే. మా డైరెక్టరుగారు నావైపు చూశారు. ఆ భాగం తీసేద్దామని మైకు నొక్కి చెప్పింది నేనే వదినా. ద్వీపాల పెద్దావిడ బల్ల మీంచి తన కాగితాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చి సంతకం పెట్టింది, నాతో మాత్రం మాట్లాడలేదు.

మర్నాడు ఆ ఫోన్. తీసేసిన పాఠాన్నే మా మాట మీద ఒక బడిలో చెప్పారని బయటపడితే అంతా తిరగబడేది. డైరెక్టరుగారు నా ఎదురుగానే కూర్చున్నారు. సగం పాఠమైనా కోట్ల మంది పిల్లలకి చేరుతుంది. ఒక్క బడి కోసం అది పోగొట్టమంటావా? నువ్వే చెప్పు, నా స్థానంలో ఉంటే ఏం చేసేదానివి?

ఉమ్మడి కార్యాలయానికి నన్ను ఉపాధ్యక్షురాలిగా వేశారు. ఇది నేను అడిగి తెచ్చుకున్నది కాదు. ఆ కుర్చీలో కూర్చున్నాక నీ బదిలీ రద్దు చేయించడం చిటికెలో పని. కాస్త ఓపిక పట్టు.

వచ్చే నెల పుస్తకం విడుదల సభ మన ఊళ్ళోనే, రేవు కంపెనీ హాల్లో. ఇంట్లోనే దిగుతాను. అన్నయ్యకి ఇదేదీ చెప్పకు. తట్టుకోలేడు.

నీ
వసపిట్ట


పుస్తకాల గోడౌను

వసపిట్టా,

నీ స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నని అడిగావు. నిన్ను అడిగేదాన్ని. అంతే.

ముందురోజు ఒక్క ఫోన్ చేసి, “వదినా, ఇలా చిక్కుకున్నాను, మీ బడి పేరు కొట్టెయ్యక తప్పడం లేదు, నా మాట మీద చేశావని ఎవరికీ చెప్పకు” అని ఉంటే నేను చెప్పేదాన్ని కాదు. ఆ అధికారి ముందు అంతా నా సొంత తెలివేనని నా నోటితో నేనే అనేదాన్ని. గోడౌనుకి నవ్వుతూ వచ్చేదాన్ని. మీ బల్ల మీద రాజీలుంటాయని నాకు తెలీదా? ఇల్లు నడిపే మనిషిని, రోజుకొక రాజీ పడతాను. నువ్వు రాజీ పడ్డావని కాదు నా బాధ. నన్ను తీసుకెళ్ళి ఆ బేరంలో పెట్టావు, పెట్టినట్టు నాకు చెప్పలేదు.

నీ పుస్తకాలు వచ్చాయి. లారీ నుంచి నేనే దించుకున్నాను. ఒక కట్ట విప్పి చూశాను. అట్ట మీద ప్రశ్నలక్క బొమ్మ ఉంది. ఆ పిల్ల గడప దాకా నీళ్ళు గీసింది, గుర్తుందా? మీవాళ్ళు ఆ నీళ్ళు చెరిపేసి పచ్చగడ్డి వేశారు. పక్కన రెండు చెట్లు, ఒక సీతాకోకచిలుక. కింద ఆ పిల్ల పేరు లేదు, బడి పేరూ లేదు. ‘సభ్యదేశపు విద్యార్థిని’ అని ఉంది. సాయంత్రం ఆ పిల్ల నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు చూపించాను, దాచడం నాకు చేతకాలేదు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది మా ఇల్లు కాదు టీచర్” అని నా చేతికి ఇచ్చేసింది.

లోపల పాఠంలో లైట్లు ఆర్పమన్నారు, మొక్కలు నాటమన్నారు. మంచిదే. ఎందుకో మాత్రం లేదు.

మీ అన్నయ్యకి నేనేమీ చెప్పలేదు. నువ్వు వద్దన్నందుకు కాదు. చెల్లెలు వస్తోందని ఆయన నీ గదికి సున్నం వేస్తున్నాడు, ఆ ముఖం చూస్తే నాకు మాట రావడం లేదు. గోడౌనుకి ఎందుకు వేశారంటే మామూలు బదిలీ అన్నాను.

నువ్వు రా. భోజనాల దగ్గర, నా ముందు, నువ్వే చెప్పు. ఏం చేశావో, ఎందుకు చేశావో. నేను మధ్యలో ఒక్క మాట కూడా కలపను. ఆయన కోప్పడితే నీ పక్కన నిలబడతాను కూడా. చెప్పలేకపోతే మాత్రం రాకు. ఏమీ జరగనట్టు కూర్చున్న నీకు వడ్డించడం నా వల్ల కాదు.

వదిన


రేవు కంపెనీ అతిథి గృహం

వదినా,

సభ అయిపోయింది. బాగా జరిగిందనే అన్నారు అందరూ. నిన్నంతా ఒకరి తర్వాత ఒకరు, ఊపిరి సలపలేదు. పొద్దున్నే విమానం.

ఇంటికి రావాలనే బయల్దేరాను, నమ్ము. మన వీధిలోకి కారు తిరిగింది. అన్నయ్య షెడ్డు బయట నిలబడి ఎవరికో ఏదో చెప్తూ చేతులు ఊపుతున్నాడు. డ్రైవరు “ఆపమంటారా మేడమ్?” అన్నాడు. మేనేజరుగారు కూడా కార్లో ఉన్నారు. ఆయన ముందు దిగి ఏం మాట్లాడను? “వద్దు, ఆలస్యమైంది” అన్నాను.

ఈసారి తీరిగ్గా వస్తాను. అన్నయ్యకి సభలో పని ఎక్కువైందని చెప్పు.

వసపిట్ట


ఇల్లు

వసపిట్టా,

ఆయన కారుని చూశాడు. ఎదురింటి పడవాయనకి చెప్తున్నది నీ గురించే, “ఇదిగో ఇప్పుడో ఇంకాసేపట్లోనో దిగుతుంది” అని. కారు నెమ్మదించింది. వెనక సీట్లో నిన్ను చూసి చెయ్యెత్తాడు. కారు వెళ్ళిపోయింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది కాసేపు.

లోపలికొచ్చి నన్ను అడిగాడు. “అది మా చెల్లెలే కదూ?”

“అవును.”

“చూడలేదేమో.”

“చూసింది.”

“ఎందుకు ఆపలేదు?”

ఆయన కూడా ఎందుకనే అడిగాడు. ఇక నా వల్ల కాలేదు. మొదటి ఉత్తరం నుంచి చివరిదాకా అన్నీ చెప్పేశాను. అంతా విన్నాక ఒక్కటే అడిగాడు. “దూరపు బంధువు అందా?” అందని చెప్పాను. “‘మా వదిన’ అనలేదా? ఒక్కసారి కూడా?” అనలేదన్నాను. లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. పనిముట్ల చప్పుడు వినిపిస్తుందని చాలాసేపు చూశాను. వినిపించలేదు.

నీ మీద ఒక్క తిట్టు కూడా రాలేదు ఆయన నోట. తిడితే బాగుండేది.

మొన్నటి పోటుకి ప్రశ్నలక్క వాళ్ళ వెనకగది పోయింది. సామాను సర్దుకుని పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గోడౌనుకి వచ్చి, అక్కడి బడిలో కూడా ఈ పుస్తకమేనా అని అడిగింది. ఈ పుస్తకమే అన్నాను. ఆరు దేశాల్లోనూ ఇదే.

నా బదిలీ రద్దు చేయించవద్దు. నీ చేతి మీదుగా నాకు తరగతి గది వద్దు.

వదిన


ఉమ్మడి కార్యాలయం, ఉపాధ్యక్షురాలి గది

వదినా,

అన్నయ్య ఫోన్ తియ్యడం లేదు. నాలుగు ఉత్తరాలు రాశాను, నువ్వు దేనికీ జవాబివ్వలేదు. ఈ గది పెద్దది, తలుపు వేస్తే బయటి మాట వినిపించదు. ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడి ఎన్నాళ్ళైందో. నేను చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాను, ఇంకేం చెయ్యమంటావు? వచ్చి కాళ్ళ మీద పడమంటే పడతాను. అన్నయ్యతో ఒక్కసారి మాట్లాడించు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి రాయి.

నీ
వసపిట్ట


ఇల్లు

గౌరవనీయులైన ఉపాధ్యక్షురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

ఈ వారం వానలు తెరిపిచ్చాయి. మీ అన్నగారి ఆరోగ్యం బాగానే ఉంది. పని ఎక్కువగా ఉండటం వల్ల ఆయన ఉత్తరం రాయలేకపోతున్నారు.

మీ కార్యాలయం నుంచి వచ్చిన పుస్తకాలు అన్ని బడులకీ పంపడం పూర్తయింది. గోడౌను ఖాళీగా ఉంది.

మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య